పాత స్నైపర్ రైఫిళ్ల నకళ్లు: అపోహలు, వాస్తవాలు

సైన్యంలో ఆర్మరర్‌గా, అంటే ఆయుధాలు బాగుచేసేవాడిగా పనిచేసి పదవీ విరమణ పొందిన తరువాత బరంపురంలో స్థిరపడ్డాను. రెండో ప్రపంచ యుద్ధకాలపు స్నైపర్ రైఫిళ్లకు పేలని నమూనాలు తయారుచేయడం, ఇతరులు కొన్నవాటిని పరిశీలించి విలువ చెప్పడం ఇప్పుడు నా పని. ఇచ్ఛాపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ ప్రాంతాల నుంచి మాజీ సైనికులు, వారి పిల్లలు, నాటక సమాజాలవారు నా దగ్గరికి వస్తుంటారు. వారిలో చాలామంది మోసపోయిన తరువాతే వస్తున్నారు. కొనడానికి ముందే తెలిసి ఉంటే మేలని ఈ విషయాలు రాస్తున్నాను.

అపోహ: బరువుగా ఉంటే మంచి నకలు.

వాస్తవం: బరువును కల్పించడం చాలా తేలిక. చవక నమూనాల్లో లోహపు భాగాలను ఎక్కువగా జింకు మిశ్రమంతో పోతపోస్తారు, తక్కువైన బరువును బట్టులో, అంటే భుజానికి ఆనే వెనుక చెక్కలో, సీసం నింపి సరిచేస్తారు. నంబర్ 4 మార్క్ 1 (టీ) అనే బ్రిటిష్ స్నైపర్ రైఫిల్ స్కోపుతో (గురి చూసే దుర్బిణితో) కలిపి దాదాపు 5 కిలోలు తూగుతుంది. నకలు కూడా అంతే తూగవచ్చు, కానీ ఆ బరువు ఎక్కడ ఉందన్నదే అసలు ప్రశ్న. మ్యాగజైన్ (తూటాల పెట్టె) దగ్గర ఒక చేతిపై నిలిపి చూసినప్పుడు వెనక్కి ఒరిగిపోతే బట్టులో సీసం ఉందేమోనని అనుమానించాలి. గొట్టానికి, బోల్టుకు (తూటాను గొట్టంలోకి నెట్టే కడ్డీకి) అయస్కాంతం ఆనించి చూస్తే ఉక్కో జింకో క్షణంలో తేలిపోతుంది.

అపోహ: ముద్రలు, అంకెలు ఎన్ని ఎక్కువ ఉంటే అంత నమ్మదగినది.

వాస్తవం: నేను ఎక్కువ సమయం గడిపేది ముద్రల దగ్గరే. నకలు చేసేవాడు కొనేవారి ఊహకు తగినట్లుగా ముద్ర వేస్తాడు, ఫ్యాక్టరీ తన అవసరానికి తగినట్లుగా వేసింది. అమెరికా స్నైపర్ రైఫిల్ ఎం1903 ఏ4నే తీసుకోండి. రెమింగ్టన్ కంపెనీ తయారుచేసిన అసలు రైఫిల్ మీద 'ఏ4' అని ఎక్కడా ఉండదు. మామూలు రైఫిల్ మీద ఉన్నట్లే '03-ఏ3' అని ఉంటుంది. పైన స్కోపు పీఠం బిగించాలి కనుక ఆ అక్షరాలను ఒక పక్కకు, క్రమసంఖ్యను మరో పక్కకు జరిపి కొట్టారు. కాబట్టి నడిమధ్యన అందంగా 'ఏ4' అని కనిపిస్తే అది అసలుది కాదనడానికి అదే సాక్ష్యం. గుణుపురం దగ్గరి ఒక పెద్దాయన సరిగ్గా ఆ అక్షరాలను చూసే నమ్మి, ఒక వ్యాపారికి చాలా పెద్ద మొత్తం చెల్లించారు. ఆ మాట ఆయనకు చెప్పవలసి వచ్చిన రోజు నాకు ఇంకా గుర్తుంది.

పాకిస్తాన్‌లోని దర్రా ఆదంఖేల్ వైపు చేత్తో తయారైన లీ-ఎన్‌ఫీల్డు (బ్రిటిష్ సైనిక రైఫిల్) నకళ్లలో తప్పు స్పెల్లింగులు, తిరగబడిన అక్షరాలు కనిపిస్తాయి. కిరీటం కింద విక్టోరియా రాణి సంకేతాక్షరాలు ఉండి, పక్కనే 1901 తరువాతి సంవత్సరం చెక్కి ఉండడం మరో గుర్తు, ఎందుకంటే రాణి 1901 జనవరిలోనే మరణించింది. నంబర్ 4 (టీ) విషయంలో చూడవలసినవి వేరు. ఫ్యాక్టరీలో గురి బాగా కుదిరిన రైఫిళ్లను ఏరి, వాటిలో అత్యధిక భాగాన్ని లండన్‌లోని హాలండ్ అండ్ హాలండ్ సంస్థకు పంపి స్కోపు అమర్చే పని చేయించారు. బాడీ (బోల్టు కదిలే లోహపు భాగం) ఎడమ పక్కన 'టీ' అనే అక్షరం ఉండాలి, స్కోపు సంఖ్యను బట్టు మణికట్టు (చేత్తో పట్టుకునే సన్నని భాగం) పైభాగంలో కొట్టి ఉండాలి, రైఫిల్ సంఖ్య స్కోపును పట్టి ఉంచే బ్రాకెట్ మీద కూడా కనిపించాలి. రైఫిల్, బ్రాకెట్, స్కోపు ఒకదాన్నొకటి పేరుపెట్టి పిలిచే ఈ అమరికే స్నైపర్ రైఫిల్ ప్రాణం, మంచి నకలు దీన్ని కూడా పాటిస్తుంది. 'ఇషాపూర్‌లో తయారైన నంబర్ 4 (టీ)' అని ఎవరైనా అంటే మాత్రం అక్కడే ఆగిపోండి. బెంగాల్‌లోని ఇషాపూర్ ప్రభుత్వ రైఫిల్ ఫ్యాక్టరీ నంబర్ 4 రైఫిళ్లను తయారుచేయలేదు.

అపోహ: స్కోపులో దూరపు వస్తువు స్పష్టంగా కనిపిస్తే చాలు.

వాస్తవం: కొత్త అద్దాలు ఎప్పుడూ స్పష్టంగానే ఉంటాయి. స్కోపు లోపల ఏం కనిపిస్తున్నదో చూడాలి. బ్రిటిష్ నంబర్ 32 స్కోపు మూడున్నర రెట్లు పెద్దదిగా చూపుతుంది, అందులో కింది నుంచి లేచిన మొనదేలిన కడ్డీ, దానికి అడ్డంగా ఒక తీగ ఉంటాయి. రష్యన్ పీయూ స్కోపు పెద్దదిగా చూపేది కూడా అంతే, కానీ అందులో మూడు కడ్డీలు కనిపిస్తాయి. ఈ రెండింటిలో దేనిలోనైనా సన్నని కూడిక గుర్తు కనిపిస్తే లోపల ఉన్నది ఈ కాలపు వేట స్కోపు అని అర్థం. పైనున్న డ్రమ్ము (దూరాన్ని సరిచేసే గుండ్రని మరబిళ్ల) మీది అంకెలు కూడా చూడాలి: నంబర్ 32లో దూరం గజాల్లో 1000 వరకు ఉంటుంది, పీయూలో మీటర్ల లెక్కన 13 అంకె వరకు, అంటే 1300 మీటర్ల వరకు ఉంటుంది.

నేను చేసే ముఖ్యమైన పరీక్ష మరొకటి ఉంది. రైఫిల్‌ను బల్లకు బిగించి, ఎదురుగా ఉన్న నీళ్ల ట్యాంకు అంచు మీదికి కడ్డీ మొనను తెస్తాను. ఆ తరువాత చేత్తో తిప్పే రెండు స్క్రూలను విప్పి, బ్రాకెట్‌తో సహా స్కోపును తీసి, మళ్లీ బిగించి చూస్తాను. ఇలా ఐదుసార్లు చేసినా మొన అదే అంచు మీదికి వస్తే, ఆ నకలు చేసిన మనిషికి పని వచ్చునని తల వంచి ఒప్పుకుంటాను. పేలని నమూనాకు ఇంత అవసరమా అని కొందరు అడుగుతారు. తీసి పెట్టినా గురి తప్పకూడదన్నదే ఆ బ్రాకెట్ పుట్టిన కారణం కనుక, అవసరమేనని నా అభిప్రాయం.

అపోహ: నల్లబడి, అరిగి ఉంటే పాతది, టేకు చెక్క అయితే మరీ విలువైనది.

వాస్తవం: ఆమ్లంతో తుప్పు పట్టించవచ్చు, టీ డికాక్షన్‌తో చెక్కకు వయసు తేవచ్చు. నిజమైన అరుగుదల చేయి తగిలే చోట, అంటే బోల్టు గుండు మీద, మ్యాగజైన్ అంచుల్లో, ముందు చెక్క అడుగున ఉంటుంది. అన్నిచోట్లా ఒకేలా అరిగిన రైఫిల్‌ను ఎవరూ మోయలేదు. స్క్రూల తలల మీద నక్షత్రం గాడి ఉంటే ఆ స్క్రూలు తరువాత వేసినవే, బ్రిటిష్ రైఫిళ్లకు ఒంటి గాడి స్క్రూలే వాడారు. ఇక చెక్క సంగతి. నంబర్ 4లకు వాల్‌నట్, బీచ్, బిర్చ్ చెక్కలు వాడారు. రాయగడ, కొరాపుట్ వడ్రంగులు మంచి టేకుతో చేసిన పని చూడముచ్చటగా ఉంటుందన్న మాట నిజం, ఆ పనికి కూలి ఇవ్వవలసిందే, కానీ టేకు వల్ల నకలు అసలుకు దగ్గర కాదు. బట్టు మీద చెంప ఆనించే చెక్కను విడిగా చేసి స్క్రూలతో బిగించారా, లేక బట్టుతో కలిపి ఒకే దుంగలో చెక్కారా అన్నది మాత్రం తప్పక చూడాలి. విడిగా ఉండడమే సరి.

అపోహ: నకలు ధర అసలు ధరలో ఇంత వంతు ఉంటుంది.

వాస్తవం: ఆ లెక్కకు ఆధారం లేదు. నేను లోహం, చెక్క, పనివేళలు లెక్కగట్టి, అసలు భాగం ఏదైనా కలిసి ఉంటే దానికి విడిగా విలువ వేస్తాను. నకలు రైఫిల్ మీద నిజమైన నంబర్ 32 స్కోపు ఉన్నంత మాత్రాన రైఫిల్ విలువ పెరగదు, స్కోపు విలువ స్కోపుదే.

అపోహ: నకలుకు చట్టంతో పనిలేదు.

వాస్తవం: నకలును పేలే ఆయుధంగా మార్చడాన్ని 1959 ఆయుధాల చట్టంలోని 6వ సెక్షన్ లైసెన్సు లేకుండా నిషేధిస్తుంది. నంబర్ 4 రైఫిళ్ల 303 బోరు (గొట్టం లోపలి కొలత) మన దేశంలో సామాన్యులకు నిషిద్ధం. పైగా మన ఘాట్ రోడ్ల మీద భద్రతా దళాల తనిఖీలు ఉంటాయి, దూరం నుంచి నకలుకూ అసలుకూ తేడా తెలియదు. పెట్టెలో మూసి, రసీదుతో మాత్రమే తీసుకెళ్లాలి.

ఒక తప్పు నేనూ చేశాను. తొలిరోజుల్లో ఒకరు అడిగారని నకలు మీద అసలు పద్ధతిలోనే అన్ని సంఖ్యలూ కొట్టి ఇచ్చాను, నా గుర్తు వేయలేదు. రెండేళ్లకు అదే రైఫిల్‌ను అసలుదని నమ్మి కొన్న మరో మనిషి దాన్ని విలువ కట్టించడానికి నా దగ్గరికే తెచ్చాడు. అప్పటి నుంచి నా చేతి నుంచి వెళ్లే ప్రతి నమూనాలో ముందు చెక్క తీస్తే గొట్టం అడుగున 'నకలు' అన్న మాట, తయారైన సంవత్సరం లోతుగా చెక్కి ఉంటాయి. మీరు కొనేదానిలో కూడా ముందుగా ఆ చెక్క విప్పించి చూడండి, విప్పడానికి అమ్మేవాడు ఒప్పుకోకపోతే కొనకండి.