ఫోటో ఉండగా బొమ్మ దేనికి? కెనడా పశ్చిమ తీర ఆదివాసీల మీద అపోహలు - వాస్తవాలు

హైడా, నూచానుల్త్, కోస్ట్ సేలిష్ లాంటి తీరప్రాంత జాతుల వస్తువులకి డ్రాయింగ్స్ వేసి పక్కన వివరాలు రాయడం నా పని. మనవాళ్ళు నన్ను ఎక్కువగా అడిగేవి ఇవి.

అపోహ: ఫోన్‌తో ఫోటో తీస్తే పోయేదానికి ఇన్ని గంటలు గీయడం ఎందుకు?

వాస్తవం: ఫోటోలో వస్తువు ఎలా ఉందో తెలుస్తుంది, ఎలా చేశారో తెలీదు. వాళ్ళ చెక్కపెట్టె చూడండి, నాలుగు వైపులూ కలిపి ఒకటే పలక! మూడు చోట్ల అడ్డంగా గాడి కోసి, ఆవిరి పట్టించి మెత్తబడ్డాక వంచుతారు, నాలుగో మూల మాత్రం చెక్కమేకులతోనో చెట్టు వేళ్ళతో కుట్టో కలుపుతారు, అడుగు విడిగా బిగిస్తారు. నీళ్ళు కారవు. అందులో నీళ్ళు పోసి బాగా కాల్చిన రాళ్ళు వేసి చేపలు ఉడికించేవాళ్ళు. ఆ గాడి లోపల ఏ ఆకారంలో ఉందో అర్థం కాకపోతే పెన్సిల్ ముందుకి కదలదు, కెమెరాకి ఆ ఇబ్బంది లేదు కదా. హిలరీ స్టీవార్ట్ 1977లో చేపలవేట మీద, 1984లో సెడార్ చెట్టు మీద వేసిన పుస్తకాల్లో రాతా బొమ్మలూ రెండూ ఆవిడవే, నాకు ఇప్పటికీ అవే పాఠాలు.

అపోహ: సెడార్ బెరడుతో బట్టలు చేస్తారంటే అడవులు నరికేసినట్టే.

వాస్తవం: చెట్టు బతికే ఉంటుంది. రసం బాగా ఎక్కే రోజుల్లో చెట్టు మొదలు దగ్గర అడ్డంగా ఒక గాటు పెట్టి పైకి లాగితే సన్నటి పట్టీ పొడవుగా ఊడొస్తుంది, చుట్టూ ఒలిచేస్తే చెట్టు చచ్చిపోతుందని వాళ్ళకి తెలుసు. వందల ఏళ్ళ కింద ఒలిచిన మచ్చతో నిలబడున్న చెట్లు అక్కడి అడవుల్లో ఇప్పటికీ ఉన్నాయి, అలాంటిదాని ముందు నిలబడితే నాకైతే మాట రాదు.

అపోహ: టోటెమ్ పోల్స్ (బొమ్మలు చెక్కిన పొడవాటి చెక్క స్తంభాలు) వాళ్ళ దేవుళ్ళు.

వాస్తవం: వాటికి పూజలు చెయ్యరు. అవి కుటుంబాల చిహ్నాలు, వంశ చరిత్రలు. మిషనరీలు కూడా ఇలాగే పొరబడ్డారు.

అపోహ: ఇదంతా అంతరించిపోయిన సంస్కృతి.

వాస్తవం: అంతరించలేదు, ఆపాలని చూశారు. పాట్లాచ్ అని పేర్లు, హక్కులు అందరి ముందూ ప్రకటించి వచ్చినవాళ్ళకి కానుకలు పంచే వేడుక ఉంది, కెనడా ప్రభుత్వం 1885 నుంచి 1951 దాకా చట్టం పెట్టి నిషేధించింది. 1921లో జరిపిన ఒక పాట్లాచ్‌కి మనుషుల్ని జైల్లో వేశారు, మాస్కులు లాక్కుని మ్యూజియంలకి పంపేశారు. వాటిల్లో చాలావాటిని వాళ్ళు పోరాడి వెనక్కి తెచ్చుకుని 1980లో ఆ తీరంలోనే అలర్ట్ బే అనే ఊళ్ళో సొంత సాంస్కృతిక కేంద్రం కట్టుకున్నారు.

అపోహ: కనిపించిన డిజైన్ ఎవరైనా గీసుకోవచ్చు.

వాస్తవం: కుదరదు. ఒక చిహ్నం ఒక కుటుంబం సొత్తు, దాన్ని చూపించే హక్కు కూడా వాళ్ళదే. నేను ముందు ఇంటి పెద్దల్ని అడుగుతా, గీశాక మళ్ళీ చూపిస్తా, వద్దంటే ఆ కాగితం వాళ్ళ చేతికే ఇచ్చి వచ్చేస్తా.