గడ్డిచామంతి లోపలి బ్రష్

మల్కాజిగిరి నుంచి ఒక పాఠకురాలు ఫోటో పంపి, "మిద్దె మీద టమాటా కుండీలో దానంతట అదే మొలిచింది, పీకేయమంటారా?" అని అడిగారు. అది గడ్డిచామంతి. మన ఊళ్ళో కాంపౌండ్ గోడ పగుళ్ళలో కూడా పూస్తుంది. పుట్టిల్లు అమెరికా ఖండాల ఉష్ణప్రాంతం. టమాటాకు వేసిన ఎరువులో వాటా తీసుకుంటుంది కాబట్టి పీకినా తప్పులేదు. కాకపోతే ముందు ఒక పువ్వు తెంపి, పదింతలు చూపించే లెన్స్ కింద పెట్టండి.

అది ఒక పువ్వు కాదు, బుల్లి పూల (పుష్పకాల) గుంపు. చుట్టూ తెల్లగా, కొసన మూడు పళ్ళతో ఉన్నవి కిరణ పుష్పకాలు. మధ్యలో పసుపు గొట్టాలు చక్ర పుష్పకాలు. బళ్ళో ఇంతవరకు చెప్పి, 'శీర్షవద్విన్యాసం' అని రాయించి వదిలేస్తారు. అసలు తమాషా ఆ గొట్టంలో ఉంది.

గొట్టంలో ఐదు కేసరాలు, అంటే మగ భాగాలు, ఉంటాయి. వాటి కాడలు విడివిడిగా ఉంటాయి, పరాగకోశాలు (పుప్పొడి సంచులు) మాత్రం అంచులు అతుక్కుని సన్నటి గొట్టమవుతాయి. (మందారలో సరిగ్గా తలకిందులు: కాడలు కలుస్తాయి, కోశాలు విడిగా ఉంటాయి.) ఈ కోశాలు లోపలివైపు పగులుతాయి. పుప్పొడంతా లోపలే పడితే బయటికి వచ్చేదెలా?

పిల్లల పాలసీసా కడిగే బ్రష్ ఉంటుంది చూడండి, కీలం (పువ్వులో ఆడ భాగపు కాడ) పని అదే. అడుగునున్న అండాశయం మీంచి పెరుగుతూ గొట్టంలోంచి పైకొస్తుంది. కొసన బయటివైపు నూగు ఉంటుంది, అది పుప్పొడిని ఊడ్చుకుంటూ పైకి తోస్తుంది. మన బ్రష్‌ను చెయ్యి తోస్తుంది, ఇక్కడ పిడే పొడుగవుతుంది. పైగా ఈ బ్రష్ మళ్ళీ లోపలికి పోదు. ఇంకో ఏర్పాటు కూడా ఉంది. కీలం కొస రెండు చీలికలు. పుప్పొడిని అందుకునే తలం వాటి లోపలి ముఖాల మీద ఉంటుంది. ఊడ్చేటప్పుడు చీలికలు మూసుకునే ఉంటాయి, అంటే బ్రష్ మోసే పుప్పొడి ఆ తలానికి అంటదు. పైకొచ్చి, ఆ పొడిని సీతాకోకచిలుకల కాళ్ళకు అంటించాకే విచ్చుకుంటాయి. ప్రతి గొట్టమూ మొదట మగ, తర్వాత ఆడ. గొట్టాలు అంచు నుంచి మధ్యకు వరసగా విచ్చుకుంటాయి కనుక ఒకే పువ్వులో బయట ఆడ దశ, లోపల మగ దశ, నడిమధ్య మొగ్గలు కనిపిస్తాయి.

సిరి వస్తుందని మనీప్లాంట్‌ను హాల్లో పెట్టి గారాబం చేస్తాం. అది దాదాపు ఎప్పుడూ పూయదు. పూతకు కావాల్సిన జిబ్బరెల్లిన్ హార్మోను తయారీలో జన్యులోపం ఉందని 2016లో తేలింది. నీళ్ళు పోసేది దానికి, పీకేది దీన్ని!

ఇప్పుడు తెల్ల కిరణ పుష్పకం ఒకటి లాగి చూడండి. కేసరాలుండవు, చీలిన కీలం ఒక్కటే. అయినా గింజ కడుతుంది. దానికి పుప్పొడి పక్క గొట్టం నుంచో, వేరే మొక్క నుంచో రావాల్సిందే.