కేంద్రంలో ప్రభుత్వం పడిపోతే ఏవి ఆగుతాయి, ఏవి ఆగవు? అపోహలు - వాస్తవాలు

టీవీలో "బలపరీక్ష" అన్న స్క్రోలింగ్ మొదలైతే చాలు, వాట్సాప్‌లో అవే పాత సందేశాలు మళ్లీ తిరుగుతాయి. పెన్షన్లు ఆగిపోతాయట, మంజూరైనవన్నీ రద్దట, కొత్త ప్రధాని వచ్చేదాకా సంతకం పెట్టే దిక్కే ఉండదట. వీటిని పుట్టించేవాళ్ల గురించి మాట్లాడటం దండగ. వచ్చే నెల పెన్షన్‌తోనే మందులు కొనుక్కోవాల్సినవాళ్లు, "సర్కారు మారేలోపు పని చేయించేస్తా" అన్న దళారీకి డబ్బు కట్టినవాళ్లు మాత్రం నిజంగానే భయపడి అడుగుతారు. "అంతా ఆగిపోతుంది" అన్న ఈ అపోహే జనానికి ఎక్కువ నష్టం తెస్తుంది కాబట్టి ముందు దీని సంగతి చూద్దాం.

అపోహ: ఒక ప్రభుత్వం పోయి ఇంకొకటి వచ్చేలోపు దేశానికి ప్రభుత్వమే ఉండదు, అంతా ఆగిపోతుంది.

ఒక్క పూట కూడా ఖాళీ ఉండదు. రాష్ట్రపతికి సలహా ఇవ్వడానికి ప్రధాని నాయకత్వంలో మంత్రిమండలి ఉండి తీరాలని 74వ అధికరణం చెబుతోంది. ఓడిన ప్రధాని రాజీనామా ఇస్తారు. రాష్ట్రపతి దాన్ని ఆమోదిస్తూనే ప్రత్యామ్నాయ ఏర్పాటు జరిగేవరకు కొనసాగమని కోరతారు. 1970 డిసెంబరులో లోక్‌సభ రద్దయ్యాక, సభే లేనప్పుడు ఇందిరాగాంధీ ప్రధానిగా ఎలా ఉంటారని కొందరు వాదించారు. సభ రద్దయినా మంత్రిమండలి ఉండాల్సిందేనని యూ.ఎన్.ఆర్. రావు కేసులో 1971లో సుప్రీంకోర్టు తేల్చేసింది.

ఇలా కొత్తది వచ్చేదాకా కొనసాగేదాన్నే "ఆపద్ధర్మ ప్రభుత్వం" అంటారు. ఆ మాట రాజ్యాంగంలో ఎక్కడా కనిపించదు. దాని హద్దులన్నీ సంప్రదాయం గీసినవే. 1979 జులై 28న ప్రమాణం చేసిన చరణ్‌సింగ్, సభను ఎదుర్కోకుండానే ఆగస్టు 20న రాజీనామా చేశారు. రెండు రోజులకు రాష్ట్రపతి నీలం సంజీవరెడ్డి లోక్‌సభను రద్దు చేశారు. ఎన్నికలయ్యేదాకా కొత్త విధానాలు, భారీ కొత్త ఖర్చులు పెట్టుకోకూడదన్న షరతును బహిరంగంగానే చెప్పారు. ఆ హద్దుల్లోనే 1980 జనవరి 14 దాకా చరణ్‌సింగ్ ప్రధానిగా ఉన్నారు.

అత్యవసరం వస్తే ఆ హద్దులు అడ్డురావు. 1999 ఏప్రిల్ 17న వాజపేయి 269-270తో, ఒకే ఒక్క ఓటు తేడాతో ఓడిపోయారు. కొత్త ప్రభుత్వం అక్టోబరులో వచ్చింది. కార్గిల్ యుద్ధం నడిపింది ఆ ఓడిపోయిన ప్రభుత్వమే. 1991లో విదేశీ మారకం అడుగంటినప్పుడు 20 టన్నుల బంగారాన్ని విదేశీ బ్యాంకుకు పంపిందీ అప్పటికే రాజీనామా ఇచ్చేసిన చంద్రశేఖర్ ప్రభుత్వమే.

ఇక డబ్బు సంగతి. కేంద్ర పెన్షన్, జీతం మంత్రి దయమీద రావు. ఖర్చుకు పార్లమెంటు అనుమతిచ్చే ద్రవ్య వినిమయ చట్టం ప్రకారం, కేంద్రం ప్రధాన ఖజానా అయిన సంచిత నిధి నుంచి వస్తాయి. పూర్తి బడ్జెట్ ఆమోదం పొందాక ఆ అనుమతి మార్చి 31 దాకా ఉంటుంది. ప్రభుత్వం సెప్టెంబరులో పడిందనుకోండి, ఆ ఏడాది చెల్లింపులకు ఢోకా లేదు. చిక్కల్లా ఫిబ్రవరి-ఏప్రిల్ మధ్య పడితేనే. దానికీ 116వ అధికరణం కింద ఓట్ ఆన్ అకౌంట్ ఉంది, అంటే పూర్తి బడ్జెట్ ఆమోదం పొందేదాకా ఖర్చులకు లోక్‌సభ ముందస్తుగా ఇచ్చే అనుమతి. 2024లో ఫిబ్రవరి 1న మధ్యంతర బడ్జెట్, జులై 23న పూర్తి బడ్జెట్ వచ్చాయి. మధ్యలో ఖజానా నడిచింది దీని మీదే. 1999లోనైతే ప్రభుత్వం ఓడిపోయాక, సభ రద్దయ్యేలోపు, చర్చ లేకుండా బడ్జెట్‌ను ఆమోదించారు. ఓడించిన పార్టీలు కూడా అడ్డు చెప్పలేదు. చేయూత, ఎన్టీఆర్ భరోసా పెన్షన్లలో చాలా భాగం రాష్ట్ర ఖజానా డబ్బు. ఢిల్లీలో బలపరీక్షకూ వాటికీ ముడిపెట్టకండి.

మరి పోయేవి ఏవి? బిల్లులు, అంటే ఇంకా చట్టం కాని ప్రతిపాదనలు. అదీ ప్రభుత్వం పడినందుకు కాదు, లోక్‌సభ రద్దయితేనే. లోక్‌సభలో పెండింగ్‌లో ఉన్నవి, అక్కడ ఆమోదం పొంది రాజ్యసభలో ఆగినవి మురిగిపోతాయి. రాజ్యసభలో మొదలై ఇంకా లోక్‌సభకు రానివి బతుకుతాయి. 2010 మార్చి 9న రాజ్యసభ ఆమోదించిన మహిళా రిజర్వేషన్ బిల్లు లోక్‌సభలో ఉండిపోయి, 2014లో సభ రద్దుతో మురిగిపోయింది. చట్టాలు, నియమాలు, ఉత్తర్వులు, ఒప్పందాలు తమంతట తాము పోవు. కేంద్రం ఒప్పందాలు చేసుకునేది రాష్ట్రపతి పేరు మీద, ప్రధాని పేరు మీద కాదు. కొత్త ప్రభుత్వం వాటిని మార్చాలనుకుంటే పద్ధతి ప్రకారం మార్చుకోవాల్సిందే.

దళారీలు అసలు వాడుకునేది ఎన్నికల కోడ్‌ను, అంటే ఎన్నికల వేళ ప్రభుత్వాలు, పార్టీలు పాటించాల్సిన నియమావళిని. కోడ్ ఉన్నన్నాళ్లు కొత్త పథకాలు, కొత్త మంజూర్లు ఆగుతాయి, నడుస్తున్నవి నడుస్తాయి. గడువుకు ముందే సభ రద్దయితే కోడ్ వెంటనే వర్తిస్తుందని, తెలంగాణ అసెంబ్లీ రద్దయిన 2018 సెప్టెంబరులోనే ఎన్నికల సంఘం స్పష్టం చేసింది. మీ పేరు ఇప్పటికే జాబితాలో ఉంటే డబ్బు వస్తుంది. కొత్త దరఖాస్తయితే ఎన్నికలయ్యేదాకా ఆగాలి. ఎవరికి ఎంత ముట్టజెప్పినా ఈ రెండింటిలో ఏదీ మారదు.

మిగతావి గబగబా చెప్పేస్తాను.

లోక్‌సభ 543 సీట్లలో సగం దాటిన 272 మంది లేకపోతే ప్రభుత్వం నిలవదంటారు. లెక్క హాజరై ఓటేసినవాళ్లలోనే. 1993 జులై 28న పీవీ నరసింహారావు ప్రభుత్వం 265-251తో గట్టెక్కింది. అవిశ్వాసం అనగానే ఆ రోజే ఓటింగ్ ఉండదు. ఉదయం పది గంటల్లోపు నోటీసివ్వాలి, సభలో కనీసం 50 మంది లేచి నిలబడాలి, అప్పుడు పది రోజుల్లోపు చర్చకు తేదీ పెడతారు.

అతిపెద్ద పార్టీకే ప్రధాని పదవి అన్న రూలేమీ లేదు. 1989లో 197 సీట్లొచ్చిన కాంగ్రెస్ ముందుకు రాలేదు, 143 వచ్చిన జనతాదళ్ నుంచి వీపీ సింగ్ ప్రధాని అయ్యారు. ఎంపీ కాకపోయినా ప్రధాని కావచ్చు, ఆరు నెలల్లో ఏదో ఒక సభకు ఎన్నికైతే చాలు. పీవీ 1991 జూన్ 21న ప్రమాణం చేసి, నవంబరులో నంద్యాల ఉప ఎన్నికలో గెలిచి వచ్చారు.

కేంద్రంలో రాష్ట్రపతి పాలన పెట్టరా అని మనవాళ్లు తరచూ అడుగుతారు. 2014 మార్చిలో ఆంధ్రప్రదేశ్‌లో చూశాం కాబట్టి ఆ సందేహం సహజమే. రాష్ట్రపతి పాలన పెట్టే 356వ అధికరణం రాష్ట్రాలకే, కేంద్రానికి వర్తించదు.

ప్రధాని చనిపోతే ఉప ప్రధాని ఆటోమేటిక్‌గా ఎక్కరు. రాజ్యాంగంలో అసలు ఆ పదవే లేదు. 1964 మే 27న నెహ్రూ కన్నుమూసిన రోజే గుల్జారీలాల్ నందాతో ప్రమాణం చేయించారు. పార్టీ తన నాయకుణ్ని ఎన్నుకున్నాక జూన్ 9న శాస్త్రి వచ్చారు.

ఐదేళ్ల లెక్క ప్రధాని ప్రమాణంతో మొదలుకాదు, కొత్త లోక్‌సభ తొలి సమావేశంతో మొదలవుతుంది. ఇప్పటి ప్రధాని 2024 జూన్ 9న ప్రమాణం చేశారు, 18వ లోక్‌సభ జూన్ 24న సమావేశమైంది. ముందే రద్దయితే తప్ప దాని గడువు 2029 జూన్ 23 దాకా.