నంద్యాల బ్యాలెట్‌లో కనిపించని సైకిల్

పీవీ నరసింహారావు ఎవరి మనిషి అన్న తగువు మళ్లీ రాజుకుంది. జూన్ 28 జయంతికో డిసెంబర్ 23 వర్ధంతికో ఇది లేవడం మామూలే. ఎప్పుడు లేచినా సెగ ముందు తగిలేది హనుమకొండకూ వంగరకూ. మా ప్రధాని అని కాంగ్రెస్ అంటుంది. శతజయంతి చేసింది మేమని బీఆర్ఎస్ అంటుంది. భారతరత్న ఇచ్చింది మేమని బీజేపీ అంటుంది.

లక్నేపల్లిలో పుట్టుక, వంగరకు దత్తత, మంథని ఎమ్మెల్యేగా 20 ఏళ్లు, ఢిల్లీ సంస్కరణలు ఈ జిల్లాలో అందరికీ తెలిసినవే. 2004లో ఢిల్లీ అక్బర్ రోడ్డులో పీవీ భౌతికకాయానికి కాంగ్రెస్ ఆఫీసు గేటు తెరుచుకోని సంగతీ ఏటా వింటున్నదే. ప్రత్యర్థి పార్టీ నాయకుడిని మెచ్చుకోవడం అంటే ఏమిటో తేలాలంటే ఆ గేటు దగ్గర ఆగితే సరిపోదు. 1991 నవంబర్‌లో నంద్యాల ఓటరు చేతికిచ్చిన బ్యాలెట్ పేపరు చూడాలి. దానికన్నా ముందు 1984 నాటి హనుమకొండను గుర్తు చేసుకోవాలి.

1984 ఆగస్టు 16న గవర్నర్ రాంలాల్ ఎన్టీఆర్ ప్రభుత్వాన్ని బర్తరఫ్ చేసి నాదెండ్ల భాస్కరరావును గద్దెనెక్కించారు. అంతకు నెల ముందే కేంద్ర హోంమంత్రి అయినవారు పీవీ. నిర్ణయం ఎవరిదైనా గవర్నర్ల వ్యవహారం చూసే శాఖ ఆయనది. నెల రోజుల పోరాటం తర్వాత ఎన్టీఆర్ మళ్లీ ముఖ్యమంత్రి అయ్యారు. ఆ డిసెంబర్ లోక్‌సభ ఎన్నికల్లో ఇందిర హత్య సానుభూతితో దేశమంతా కాంగ్రెస్ గాలి వీచి, ఆ పార్టీకి 400కు పైగా సీట్లొచ్చాయి. ఆంధ్రప్రదేశ్‌లో మాత్రం తెలుగుదేశం 42లో 30 గెలిచింది. హనుమకొండలో తెలుగుదేశం మద్దతుతో బీజేపీ అభ్యర్థి చందుపట్ల జంగారెడ్డి పీవీని 54 వేలకు పైగా ఓట్ల తేడాతో ఓడించారు. ఆ ఎన్నికల్లో దేశం మొత్తం మీద బీజేపీ గెలిచినవి రెండే సీట్లు. ఒకటి గుజరాత్‌లోని మెహసాణా, రెండోది మన హనుమకొండ. అదే ఎన్నికలో మహారాష్ట్రలోని రాంటెక్ నుంచి గెలిచి పీవీ లోక్‌సభకు వెళ్లారు. ఆ తర్వాత తెలంగాణ గడ్డ మీద ఆయన మళ్లీ పోటీ చేయలేదు.

అంటే 1991 నాటికి ఎన్టీఆర్‌కూ పీవీకీ మధ్య ఉన్నది మామూలు పార్టీ వైరం కాదు. ఒకరి హయాంలో మరొకరి కుర్చీ పోయింది, రెండోవారి అండతో మొదటివారి సొంత సీటు పోయింది.

1991 జూన్ 21న ప్రధానిగా ప్రమాణం చేసే నాటికి పీవీ ఏ సభలోనూ సభ్యుడు కారు, ఆ ఎన్నికల్లో పోటీయే చేయలేదు. రాజ్యాంగం 75వ అధికరణం ప్రకారం ఆరు నెలల్లో ఎక్కడో ఒకచోట గెలవాలి. గడువు డిసెంబర్ మూడో వారంతో ముగుస్తుంది. రాజ్యసభ దారి సులువు, అయినా ఆయన లోక్‌సభనే ఎంచుకున్నారు. నంద్యాల కాంగ్రెస్ ఎంపీ గంగుల ప్రతాపరెడ్డి రాజీనామా చేసి సీటు ఖాళీ చేశారు. అప్పటికి తెలుగుదేశం చేతిలో 13 లోక్‌సభ సీట్లున్నాయి, రాష్ట్రంలో ప్రధాన ప్రతిపక్షం అదే. తొలిసారి తెలుగువాడు ప్రధాని అయ్యాడు కాబట్టి పోటీ పెట్టబోమని ఎన్టీఆర్ ప్రకటించారు.

ఈ మాట పైకి చెప్పడం సులువు, కింద అమలు చేయడం కష్టం. పార్టీ బీ-ఫారం ఇవ్వకపోతే గుర్తు రాదు. గుర్తు లేకపోతే బూత్ ఏజెంట్లు ఉండరు, ఊరూరా తిరిగే పని ఉండదు. రాయలసీమ ఊళ్లలో పార్టీ అంటే రెండు వర్గాల్లో ఒకటి. ఒక ఎన్నికంతా ఖాళీగా కూర్చోమంటే కిందివాళ్లు అవతలి గడప తొక్కడం మొదలుపెడతారు. ప్రధాన పార్టీ తప్పుకున్నంత మాత్రాన ఏకగ్రీవమూ కాదు. బీజేపీ బంగారు లక్ష్మణ్‌ను నిలబెట్టింది, పోలింగ్ జరిగింది. బ్యాలెట్ పేపరు మీద సైకిల్ గుర్తు ఒక్కటే లేదు. పీవీ మెజారిటీ 5 లక్షల 80 వేలు. తెలంగాణ ఉద్యోగాలు స్థానికులకేనన్న ముల్కీ నిబంధనల మీద సుప్రీంకోర్టు తీర్పును సమర్థించినందుకు, భూపరిమితి బిల్లు తెచ్చినందుకు 1973 జనవరిలో ఆయన్ను ముఖ్యమంత్రి పదవి నుంచి దింపేదాకా సాగిన జై ఆంధ్ర ఉద్యమంలో రాయలసీమా ఉంది. ఆ సీమే ఇప్పుడు ఇంత మెజారిటీ ఇచ్చింది.

ఎన్టీఆర్‌కు దీనివల్ల ఒరిగిందేమీ లేదు. మైనారిటీ ప్రభుత్వం నడుపుతున్న కాంగ్రెస్‌కు ఎంపీలు కావలసి వచ్చారు. 1992లో తెలుగుదేశం ఎంపీలు కొందరు చీలిపోయి ప్రభుత్వం పక్కకు చేరారు. అయినా నంద్యాలలో పోటీ పెట్టకపోవడం తప్పని చెప్పలేం. మెచ్చుకోలుకు వెల కట్టిన సందర్భం అది, పైగా అవతలి మనిషి బతికి ఉండగా, అధికారంలో ఉండగా.

ఇప్పటి వాదనలను దాని పక్కన పెట్టి చూడండి. టీఆర్ఎస్ (ఇప్పటి బీఆర్ఎస్) ప్రభుత్వం 2020 జూన్ 28న కె. కేశవరావు అధ్యక్షతన కమిటీతో శతజయంతి మొదలుపెట్టింది. సెప్టెంబర్ 8న భారతరత్న కోరుతూ అసెంబ్లీలో తీర్మానం చేసింది. నెక్లెస్ రోడ్డుకు పీవీ పేరు పెట్టింది. 2021 మార్చిలో పీవీ కూతురు సురభి వాణీదేవి ఆ పార్టీ టికెట్ మీద పట్టభద్రుల ఎమ్మెల్సీగా గెలిచారు. చేసిన పని మంచిదే, కానీ అందులో ఓట్ల లెక్క ఉంది. పీవీ ప్రధానిగా ఉండగా బాబ్రీ మసీదు కూలిన రోజును మరచిపోలేని మజ్లిస్ ఆ తీర్మానానికి దూరంగా ఉంది. ఆ అభ్యంతరమూ గౌరవించదగ్గదే.

తీర్మానంతో భారతరత్న రాదన్నది సభల్లో ఎవరూ చెప్పరు. పద్మ పురస్కారాలకు కమిటీ ఉంటుంది, నామినేషన్లు ఉంటాయి. భారతరత్నకు అవేవీ లేవు, ప్రధాని నేరుగా రాష్ట్రపతికి సిఫార్సు చేయాలి. అసెంబ్లీ పంపేది విన్నపమే. ఏడాదికి మూడుకు మించకూడదన్న లెక్క ఉన్నా 2024లో ఐదుగురికి ప్రకటించారు. పీవీ పేరు ఫిబ్రవరి 9న వచ్చింది, మార్చి 30న కుమారుడు ప్రభాకరరావు అందుకున్నారు. రావి ఆకు ఆకారంలో, ఆరు సెంటీమీటర్లు కూడా లేని కంచు పతకం. దానితో డబ్బు రాదు. 1984లో పీవీని ఓడించిన పార్టీ ప్రభుత్వమే 2024లో ఇది ఇచ్చింది. జంగారెడ్డి అది చూడలేదు, 2022 ఫిబ్రవరిలో కన్నుమూశారు.

పదవులన్నీ మేమిచ్చినవే అన్న కాంగ్రెస్ మాట నిజం. 1998లో టికెట్ నిరాకరించిందీ ఆ పార్టీయే.

పీవీ తన ప్రత్యర్థులను ఎలా చూశారన్నది ఈ తగువులో ఎవరూ ఎత్తరు. 1992 పద్మవిభూషణ్ జాబితాలో బీజేపీ అగ్రనేత వాజ్‌పేయి ఉన్నారు, హనుమకొండ కాళోజీ నారాయణరావు ఉన్నారు. కాళోజీ ఎమర్జెన్సీని బాహాటంగా ఎదిరించినవారు, కాంగ్రెస్ ముఖ్యమంత్రిగా పనిచేసిన జలగం వెంగళరావు మీద సత్తుపల్లిలో పోటీకి దిగినవారు. 1994లో కాశ్మీర్ మీద పాకిస్థాన్ తెచ్చిన తీర్మానాన్ని జెనీవాలో ఎదుర్కోవడానికి పంపిన భారత బృందానికి నాయకుడు ప్రతిపక్ష నేత వాజ్‌పేయి. పీవీ ప్రభుత్వంలోని మంత్రి సల్మాన్ ఖుర్షీద్ ఆయన కింద పనిచేశారు. పాకిస్థాన్ ఆ తీర్మానాన్ని వెనక్కి తీసుకుంది.