దూరపు చూపుకు ప్లస్ అద్దాలు వాడేవారు కంటి కోణం చూపించుకోవాలి

నలభై దాటాక దగ్గరి అక్షరాలకు అద్దాలు కావలసిరావడం దాదాపు అందరికీ వచ్చే చత్వారం. కన్ను పెద్దదా చిన్నదా అన్నదాంతో దానికి సంబంధం లేదు. ఇక్కడ చెప్పదలచింది, ఒక రకం నీటికాసుల (కంటి ఒత్తిడితో చూపు నరం దెబ్బతినే జబ్బు, గ్లాకోమా) ముప్పు ఎక్కువగా ఉండే, దూరపు చూపుకు కూడా ప్లస్ పవరు అవసరమయ్యేవారి సంగతి. దీర్ఘదృష్టి అనే ఈ లోపం ఉన్నవారిలో చాలామందికి కంటిగుడ్డు సగటుకన్నా పొట్టిగా ఉంటుంది. పెద్దవారి కన్ను ముందునుంచి వెనక్కి సుమారు 23 నుంచి 24 మిల్లీమీటర్లు ఉంటుంది. అందులో ఒక్క మిల్లీమీటరు తగ్గినా పవరు రెండున్నర, మూడు డయాప్టర్లు (అద్దాల పవరు కొలత) మారుతుంది. కన్ను చిన్నదైనంత మాత్రాన లోపలి లెన్సు అంతగా చిన్నది కాదు, పైగా అది జీవితమంతా మందమవుతూనే ఉంటుంది కనుక, యాభై, అరవై ఏళ్లు వచ్చేసరికి కంటి ముందు గదిలో చోటు బాగా ఇరుకవుతుంది.

కంట్లో నిరంతరం ఊరే పలుచని ద్రవం ఐరిస్ (నల్లపాప చుట్టూ ఉండే రంగు తెర) వెనుక పుట్టి, నల్లపాప గుండా ముందుకు వచ్చి, కంటి ముందున్న పారదర్శక పొర కార్నియాకూ ఐరిస్‌కూ మధ్యనున్న కోణంలోని సన్నని జల్లెడ గుండా బయటికి పోతుంది. మందమైన లెన్సు ఐరిస్‌ను ఒరుసుకుంటే పాప దగ్గరే ద్రవానికి అడ్డు పడుతుంది. వెనుక నిలిచిన ద్రవం ఐరిస్‌ను ముందుకు ఉబ్బించి ఆ కోణాన్నే మూసేస్తుంది. ఇది ఒక్కసారిగా జరిగితే, మామూలుగా 10 నుంచి 21 మిల్లీమీటర్ల పాదరసం ఉండే కంటి ఒత్తిడి 50 దాటిపోవచ్చు. కన్ను ఎర్రబడి, చూపు మసకబారి, దీపాల చుట్టూ రంగుల వలయాలు కనిపించి, తలనొప్పితో పాటు వాంతులవుతాయి. వాంతులు చూసి పైత్యమనో, మైగ్రేన్ అనో పొరబడితే విలువైన గంటలు పోతాయి.

అయితే ఎక్కువమందిలో కోణం నొప్పి లేకుండా, ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా మూసుకుంటుంది. నన్ను ఎక్కువగా కలవరపెట్టేది ఇదే. 1990ల చివరలో హైదరాబాదులోని ఎల్.వి.ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ చేపట్టిన ఆంధ్రప్రదేశ్ నేత్రవ్యాధుల అధ్యయనంలో, నగరంలో ఇలా కోణం మూసుకుపోయే తరహా నీటికాసులు ఉన్నట్టు బయటపడినవారిలో చాలామందికి ఆ జబ్బు ఉందని అంతకుముందు తెలియనే తెలియదు.

అద్దాల దుకాణంలో చేసే కంప్యూటర్ పరీక్ష పవరును మాత్రమే చెబుతుంది. గాలి ఊది చూసే ఒత్తిడి పరీక్షలో అంకె మామూలుగా వచ్చినా కోణం ఇరుకుగా ఉండవచ్చు. స్లిట్‌ల్యాంప్ (కంటి డాక్టరు వాడే సూక్ష్మదర్శిని) సన్నని వెలుగులో, అంచు దగ్గర కార్నియాకూ ఐరిస్‌కూ మధ్య ఖాళీ కార్నియా మందంలో నాలుగో వంతో అంతకన్నా తక్కువో ఉంటే అనుమానించాలి. దీన్ని తేల్చేది గోనియోస్కోపీ: తిమ్మిరి చుక్కలు వేసి, అద్దాలు అమర్చిన చిన్న కటకాన్ని కంటికి ఆనించి, మసక వెలుతురులో కోణాన్ని నేరుగా చూస్తారు. కొన్ని నిమిషాల పని. దూరానికి ప్లస్ అద్దాలున్న నలభై దాటిన వారు, ముఖ్యంగా స్త్రీలు, ఈ జబ్బున్నవారి తోబుట్టువులు, పాప పెద్దదయ్యే చుక్కలు వేయకముందే ఈ పరీక్ష అడిగి చేయించుకోవాలని నా గట్టి అభిప్రాయం.

కోణం ఇరుకుగా ఉందనగానే లేజర్ తప్పదని కాదు. చైనాలోని గ్వాంగ్‌జౌలో కోణం ఇరుకుగా ఉన్న 889 మందికి, ద్రవం ముందుకు రావడానికి వీలుగా ఒక కంటికి లేజర్‌తో ఐరిస్‌లో రంధ్రం చేసి, రెండో కంటిని అలాగే వదిలి ఆరేళ్లు గమనించారు. లేజర్ చేసిన వాటిలో 19 కళ్లలో, చేయని వాటిలో 36 కళ్లలో సమస్య ముదిరింది. లేజర్ ప్రమాదాన్ని దాదాపు సగానికి తగ్గించింది, కానీ అసలు ప్రమాదమే తక్కువ కనుక, లక్షణాలు లేని చాలామందిని క్రమం తప్పకుండా పరీక్షిస్తూ ఉంటే సరిపోతుంది. ఒత్తిడి పెరిగినా, కోణంలో ఐరిస్ అతుక్కున్నా, పరీక్షలకు మళ్లీ మళ్లీ రాలేని పరిస్థితి ఉన్నా నిర్ణయం మారుతుంది. శుక్లం కూడా ఉన్నవారికి ఆపరేషనే మేలు కావచ్చు. మందమైన లెన్సు స్థానంలో పలుచని కృత్రిమ లెన్సు రావడంతో కోణం విశాలమవుతుంది.

కోణం ఇరుకని తేలినవారు జలుబు మాత్రలు, మూత్రాశయపు మందులు, కొన్ని మానసిక వైద్యపు మందులు మొదలుపెట్టే ముందు ఆ సంగతి డాక్టరుకు చెప్పాలి. వాటిలో కొన్ని పాపను పెద్దది చేసి కోణాన్ని మూసేయగలవు.