రాత్రికి రాత్రే నారు మాయం: నత్తల గురించి అపోహలు - వాస్తవాలు

సాయంత్రం నాటిన క్యాబేజీ నారులో పొద్దున్నకి కాడలు మాత్రమే మిగిలితే ఎంత బాధగా ఉంటుందో కూరగాయలు పెంచేవాళ్లకు చెప్పక్కర్లేదు. ఏళ్ల తరబడి మొక్కలు పెంచుతున్నాను, పెంచేవాళ్లకు తోచిన సలహాలూ చెబుతున్నాను. నత్తల గురించి అడిగేవాళ్లు చాలామంది అప్పటికే ఉప్పు, గుడ్డు పెంకులు, ఏదో ఒక పురుగుమందు అన్నీ వాడేసి, విసిగిపోయి వస్తారు.

అపోహ: ఆకుకు చిల్లు పడిందంటే నత్త పనే.

గొంగళిపురుగు పని కూడా కావచ్చు. పొద్దున్నే ఆకును కాస్త వంచి వెలుతురుకు పట్టి చూడండి. నత్త పాకిన చోట జిగురు ఆరిపోయి వెండి గీతలా మెరుస్తుంది. గొంగళిపురుగైతే ఆ గీత ఉండదు, ఆకు మడతల్లో చిన్న చిన్న ఉండల్లా దాని పెంట కనిపిస్తుంది. నత్త నాలుక మీద వేల సంఖ్యలో సూక్ష్మమైన పళ్లుంటాయి. ఆకురాయితో గీకినట్టు గీకి తింటుంది.

అపోహ: పురుగుమందు కొడితే పోతాయి.

నత్త అసలు పురుగే కాదు. ఆల్చిప్పల కుటుంబానికి దగ్గరిది. స్లగ్స్ అని పిలిచే పెంకు లేని నత్తలూ అంతే. కీటకాల కోసం తయారైన మందులు చాలావరకు వీటి మీద పనిచేయవు. పైగా నత్తలనీ వాటి గుడ్లనీ తినే నేల పెంకుపురుగులు ఆ మందుకు చచ్చిపోతాయి.

అపోహ: మొక్క చుట్టూ గుడ్డు పెంకులు చల్లితే దాటలేవు.

నేనూ చాలాకాలం నమ్మాను. ఒక వాన రాత్రి టార్చ్ పట్టుకుని బీన్స్ మొలకల దగ్గర కూర్చున్నాను. ఒక నత్త పెంకుల వరుస దగ్గరికొచ్చి ఆగింది. కొమ్ములు ముడిచింది, మళ్లీ చాచింది. తర్వాత తన జిగురునే చాపలా పరుచుకుంటూ, పదునైన అంచుల మీదుగా నిదానంగా అవతలికి దిగింది. ఒంటికి గీత కూడా పడలేదు. బ్రిటన్‌లోని రాయల్ హార్టికల్చరల్ సొసైటీ 2018లో లెట్యూస్ మొక్కల మీద గుడ్డు పెంకులు, రాగి టేపు, గరుకు రాళ్లపొడి, చెట్టు బెరడు, ఉన్ని గుళికలు పరీక్షించింది. ఇవేవీ వాడని మొక్కలకు ఎంత నష్టం జరిగిందో, వాడిన వాటికీ దాదాపు అంతే జరిగింది. పెంకులు ఎరువులో వేసుకోండి, అక్కడ పనికొస్తాయి.

ఉప్పు సంగతి వేరు. నత్త చచ్చే మాట నిజమే, కానీ నేల పాడవుతుంది, మొక్క వేరూ దెబ్బతింటుంది. కూరగాయల మడిలో ఉప్పు వద్దే వద్దు.

అపోహ: కాఫీ పిప్పి వేస్తే రావు.

ఈ నమ్మకానికి కొంత ఆధారం ఉంది. హవాయిలో చేసి 2002లో ప్రచురించిన పరిశోధనలో 1-2 శాతం కెఫీన్ ద్రావణానికి నత్తలు చనిపోయాయి. మనం తాగే కాఫీలోనే కెఫీన్ అందులో పదో వంతు కూడా ఉండదు. ఇక వడకట్టేసిన పిప్పిలో ఏం మిగులుతుంది?

అపోహ: నత్తల మందు గుళికలు వేసినా చచ్చిన నత్తలు కనబడలేదు, కాబట్టి మందు పనిచేయలేదు.

ఐరన్ ఫాస్ఫేట్ గుళికలు తిన్న నత్త మేత మానేసి, ఏదో చాటుకు పోయి కొన్ని రోజుల్లో చనిపోతుంది. శవాలు లెక్కపెట్టకండి, కొత్త చిల్లులు పడుతున్నాయో లేదో చూడండి. మెటల్డిహైడ్ గుళికల జోలికి మాత్రం వెళ్లకండి. కుక్కలు, పిల్లులు తింటే ప్రాణం మీదికొస్తుంది. బ్రిటన్‌లో 2022 నుంచి ఆరుబయట దాని వాడకం నిషేధం.

అపోహ: ఏరి గోడ అవతల పడేస్తే చాలు.

తిరిగి వచ్చేస్తాయి. కనీసం 20 మీటర్ల దూరం వదిలితే గానీ రాకుండా ఉండవని ఇంగ్లండ్‌లో గుర్తులు పెట్టిన నత్తలతో చేసిన పరిశీలనలో తేలింది.

మరి ఏం చేయాలి? మొక్క చుట్టూ కంచెలు కట్టే బదులు, అవి పగలు ఎక్కడ దాక్కుంటున్నాయో వెతకాలి. మడి పక్కన ఒక చెక్కపలక గానీ తడి గోనెసంచి గానీ పరిచి ఉంచండి. తెల్లారాక ఎత్తి చూస్తే కింద అతుక్కుని ఉంటాయి. చేతులకు తొడుగులు తప్పనిసరి, ఎందుకంటే కొన్ని నత్తల్లో మనుషులకు సోకే పరాన్నజీవులు ఉంటాయి. ఆకుకూరలు బాగా కడగమనేదీ అందుకే. సాయంత్రం కాకుండా పొద్దున నీళ్లు పెడితే రాత్రికి పైమట్టి ఆరిపోయి వాటి నడక కష్టమవుతుంది. నారును కుండీలో ఇంకొంచెం ముదరనిచ్చి నాటండి. నాలుగాకుల మొక్క ఒక్క రాత్రిలో పోతుంది, కాడ గట్టిపడ్డ మొక్క తట్టుకుంటుంది.

అపోహ: ఎండలు ముదిరితే వాటంతటవే పోతాయి.

పోవు, నిద్రపోతాయి. పెంకు నత్త తన జిగురుతోనే వాకిలి మూసుకుని నెలల తరబడి ఉండిపోతుంది. స్లగ్స్ మట్టిలోకి దిగుతాయి. తోటల్లో కనిపించే నత్తల్లో దాదాపు ప్రతి ఒక్కదానిలో ఆడ, మగ అవయవాలు రెండూ ఉంటాయి కాబట్టి మిగిలిన ప్రతిదీ గుడ్లు పెట్టగలదు. వానలు మొదలయ్యేలోపే కుండీలు, ఇటుకలు ఎత్తి చూడండి. తడి మట్టిలో సగ్గుబియ్యంలా గుత్తిగా కనిపిస్తే అవి నత్త గుడ్లే. తీసి నలిపేయండి.