లోపల ఏం మోస్తుందో దాన్నిబట్టే ఓడ: కార్గో షిప్‌లు ఇలా ఎందుకు తయారయ్యాయంటే

ఇప్పుడు కొత్త షిప్ ఆర్డర్ ఇవ్వాలంటే ఏ కంపెనీ అయినా ముందు తల పట్టుకునేది ఒక్క ప్రశ్న దగ్గరే, ఇంజిన్‌లో ఏం పోయాలి అని. పాత బంకర్ ఆయిలా (ఓడల్లో పోసే చిక్కటి నూనె), ఎల్ఎన్‌జీనా (బాగా చల్లబరిచి ద్రవం చేసిన సహజవాయువు), మిథనాలా, అమ్మోనియానా? ఓడ ఒకసారి నీళ్లలోకి దిగిందంటే పాతికేళ్లు తిరగాలి, అంటే ఇప్పుడు చేసే తప్పు 2050 దాకా మోయాల్సిందే. కానీ వెనక్కి వెళ్లి చూస్తే ఓడల విషయంలో ప్రతి పెద్ద మార్పూ ఇలా గత్యంతరం లేకే వచ్చింది, ఎవరో కూర్చుని అందంగా డిజైన్ చేస్తే వచ్చింది కాదు.

రెండో ప్రపంచ యుద్ధం టైమ్ నుంచి మొదలుపెడదాం. జర్మన్ సబ్‌మెరీన్లు సరుకు ఓడల్ని వరసపెట్టి ముంచేస్తుంటే, మునిగే వాటికన్నా వేగంగా కట్టడం ఒక్కటే దారి అని అమెరికా లిబర్టీ షిప్‌లు మొదలుపెట్టింది, మొత్తం 2,710 కట్టారు. అంతకుముందు ఓడ అంటే రివెట్లే (ప్లేట్లని కలిపే లావాటి ఇనుప మేకులు), ఒక్కో ప్లేటు తెచ్చి ఎర్రగా కాల్చిన రివెట్ దిగ్గొట్టి అతికించడం. లిబర్టీల్లో రివెట్లకి బదులు చాలావరకు వెల్డింగ్, ముక్కల్ని పక్కన విడిగా తయారుచేసుకుని తెచ్చి కలపడం. హెన్రీ కైజర్ అనే అమెరికా వ్యాపారి యార్డులో 1942 నవంబర్‌లో ఒక ఓడని నాలుగున్నర రోజుల్లో లేపేశారు, అది పబ్లిసిటీ కోసమే అనుకోండి, అయినా లేపారు కదా.

తర్వాత అసలు కథ. 1943 జనవరిలో అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో స్కెనెక్టడీ అనే టీ2 టైప్ (యుద్ధం కోసం ఒకే నమూనాలో కట్టినవి) ఆయిల్ ట్యాంకర్ ట్రయల్స్ అయిపోయి డాక్ దగ్గర ఊరికే కట్టేసి ఉంది. తుఫాను లేదు, అలల్లేవు, చలి మాత్రం ఉంది. రాత్రిపూట పెద్ద చప్పుడుతో ఓడ మధ్యకి విరిగిపోయింది, డెక్కూ రెండు పక్కలూ చీలిపోయి అడుగు ప్లేటు ఒక్కటే పట్టుకుని ఉంది, ముందూ వెనకా కిందకి దిగి నడుము పైకి లేచింది. లిబర్టీల్లో కూడా ఇలాంటి పగుళ్లే. అందరూ వెల్డర్లని తిట్టారు. కేంబ్రిడ్జ్‌లో కాన్‌స్టన్స్ టిప్పర్ అనే ఇంజినీరు టెస్టులు చేసి తేల్చిందేంటంటే, లోపం ముఖ్యంగా స్టీల్‌లో ఉంది, ఒక టెంపరేచర్ కిందకి పోతే ఆ స్టీల్ వంగకుండా గాజులా పగులుతుంది అని. రివెట్ల ఓడలో పగులు ఆ ప్లేటు చివర దాకా వచ్చి ఆగేది, వెల్డింగ్ ఓడలో మొత్తం ఒకటే ముక్క కాబట్టి ఈ చివర నుంచి ఆ చివరకి పరిగెడుతుంది. హాచ్‌ల (సరుకు దించడానికి డెక్‌లో ఉండే తలుపుల) మూలలు చతురస్రంగా ఉండటంతో చాలా పగుళ్లు అక్కడే మొదలయ్యేవి. ఇప్పుడు ఏ ఓడ డెక్ మీద చూసినా హాచ్ మూలలు గుండ్రంగా ఉంటాయి, అది దీనివల్లే.

అదే టీ2 టైప్ ట్యాంకర్ ఇంకో రకంగా చరిత్రలోకెక్కింది. మాల్కమ్ మెక్‌లీన్ అనే లారీల ఓనరు యుద్ధకాలపు టీ2 ఒకదాన్ని కొని, దాని మీద డెక్ కట్టించి, 1956 ఏప్రిల్ 26న 58 పెట్టెలు ఎక్కించి న్యూవార్క్ నుంచి హ్యూస్టన్‌కి పంపాడు. ఐడియల్ ఎక్స్ ఆ ఓడ పేరు. అప్పటిదాకా సరుకు ఎక్కించడమంటే హమాలీలు బస్తాలూ పీపాలూ చెక్క పెట్టెలూ ఒక్కోటి చేత్తో సర్దడం, ఓడ సముద్రంలో ఉన్నంత కాలం దాదాపు పోర్టులోనూ పడి ఉండేది. విడిగా ఎక్కిస్తే టన్నుకి 5.86 డాలర్లు పడేది, ఐడియల్ ఎక్స్ మీద 16 సెంట్లకి దిగింది అని లెక్క. కంటైనర్ల మూలలకి ఉండే ఆ బిగింపు పేటెంట్‌ని మెక్‌లీన్ ఫ్రీగా వదిలేశాడు, లేకపోతే ఒక్కో కంపెనీది ఒక్కో సైజు అయ్యి మొత్తం గందరగోళం అయ్యేది. ఇప్పుడు 400 మీటర్ల ఓడలు, 20 అడుగుల లెక్కలో 24 వేల కంటైనర్లు. 2021 మార్చిలో ఎవర్ గివెన్ అనే ఓడ సూయజ్ కాలువలో అడ్డం తిరిగి ఆరు రోజులు దారి మూసేసిందే, ఆ సైజు అన్నమాట.

సూయజ్ అంటే గుర్తొచ్చింది, ట్యాంకర్లు పెద్దవి కావడానికీ అదో ముఖ్య కారణం. ఓడలు పెరగడం అప్పటికే మొదలైంది, 1966లోనే జపాన్ 2 లక్షల టన్నులకి పైగా మోసే ట్యాంకర్ కట్టింది, కానీ 1967 అరబ్-ఇజ్రాయెల్ యుద్ధంతో కాలువ మూతపడి 1975 దాకా తెరుచుకోలేదు. ఆఫ్రికా చుట్టూ తిరగాలంటే పెద్ద ఓడ అయితేనే గిట్టుబాటు, పైగా కాలువ లోతు గొడవ లేదు. దాంతో అందరూ ఎగబడి ఆర్డర్లిచ్చారు, 1973లో ఆయిల్ రేటు పేలిపోయాక కొత్త ట్యాంకర్లే పని లేక లంగరేసుకుని కూర్చున్నాయి. 458 మీటర్ల సీవైజ్ జెయింట్ ట్యాంకర్ ఈ వరసలో ఆఖరి మొండితనం, పేర్లు మారుస్తూ మారుస్తూ చివరికి గుజరాత్‌లో పాత ఓడల్ని విడగొట్టే అలంగ్‌లో ముక్కలైంది. 1989లో ఎక్సాన్ వాల్డెజ్ అనే ట్యాంకర్ అలాస్కాలో రాళ్లకి గుద్దుకుని దాదాపు 37 వేల టన్నుల క్రూడ్ కక్కాక డబుల్ హల్ కంపల్సరీ అయింది, అంటే ఒక గోడ చిరిగినా లోపల ఇంకో గోడ.

బల్క్ క్యారియర్ల (ఖనిజం, బొగ్గు లాంటివి విడిగా పోసుకుని మోసే ఓడల) గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు, నాకు అవే ఇష్టం. ఇనుప ఖనిజం నింపిన హోల్డ్‌లోకి (సరుకు గదిలోకి) తొంగి చూస్తే సగం ఖాళీగా కనిపిస్తుంది, కానీ ఓడ ఫుల్ లోడ్, ఖనిజం అంత బరువు. గ్యాస్ షిప్‌ది ఇంకో రకం తంటా, గ్యాస్‌ని ద్రవంగా ఉంచే మైనస్ 162 డిగ్రీల దగ్గర మామూలు స్టీల్ పెళుసైపోతుంది కాబట్టి (మళ్లీ టిప్పర్ చెప్పిన సంగతే) ట్యాంకులకి అల్యూమినియం, నికెల్ కలిపిన స్టీల్ లాంటివి వాడాలి.

కట్టే పద్ధతి మాత్రం కైజర్ ఐడియానే పెరిగి పెద్దదైంది. యుద్ధం తర్వాత జపాన్ దాన్ని పట్టుకుని బ్లాకులుగా చేసింది, పైపులూ వైర్లూ ముందే బిగించేసి ఒక్కో బ్లాకుని క్రేన్‌తో ఎత్తి కలపడం. తర్వాత కొరియా. ఉల్సాన్‌లో హ్యుందాయ్ వాళ్లు 1972లో యార్డు కడుతూనే దాంట్లో మొదటి ట్యాంకర్లనీ కట్టారు. స్వీడన్‌లోని మాల్మోలో మూతపడిన యార్డు తాలూకు 140 మీటర్ల క్రేన్‌ని 2002లో వాళ్లే ఒక్క డాలర్‌కి కొని పట్టుకెళ్లారు. ఇప్పుడు చైనా అందరికన్నా ముందుంది.

ఇక ఇంజిన్. 1912లో సెలాండియా అనే డెన్మార్క్ ఓడ డీజిల్ మీద మహాసముద్రాలు దాటింది, ఆవిరి కథ అక్కడినుంచి మెల్లగా ముగిసింది. 2006లో ఎమ్మా మేర్స్క్‌లో పెట్టిన ఇంజిన్‌కి 14 సిలిండర్లు, ఒక్కోటి 96 సెంటీమీటర్ల వెడల్పు, మనిషి దిగొచ్చు. గేర్‌బాక్స్ లేదు, నిమిషానికి సుమారు 100 చుట్లు, నేరుగా ప్రొపెల్లర్‌కే. ఇలాంటివన్నీ తాగేది రిఫైనరీలో చివరికి మిగిలే చిక్కటి నూనె, వేడి చేస్తే గానీ పారదు, చవక కాబట్టి వాడారు. 2020 నుంచి దాంట్లో సల్ఫర్ 3.5 శాతం నుంచి 0.5కి దించమని ఐఎంఓ (ఐక్యరాజ్యసమితి సముద్రయాన సంస్థ) రూల్ పెట్టింది, 2023లో 2050కి అటూ ఇటూగా నెట్ జీరో అంది, అంటే ఓడలు వదిలే గ్రీన్‌హౌస్ వాయువులు నికరంగా సున్నా కావాలని. అక్కడే మొదట్లో చెప్పిన తలనొప్పి వచ్చింది. మిథనాల్ పోస్తే అదే దూరానికి రెండింతల పైచిలుకు ట్యాంకు కావాలి, ఆ మేరకు సరుకు జాగా పోతుంది. అమ్మోనియాలో కార్బన్ లేదు గానీ లీకైతే ఇంజిన్ రూమ్‌లో వాళ్ల ప్రాణాల మీదకొస్తుంది.

ఈ గొడవలో నాకు నవ్వొచ్చేది గాలి తిరిగి రావడం. ఫ్లెట్‌నర్ అనే జర్మన్ 1924లోనే ఓడ మీద రెండు పెద్ద గొట్టాలు నిలబెట్టి తిప్పుతూ గాలి ఒత్తిడితో నడిపించాడు, 1926లో ఆ ఓడ అట్లాంటిక్ కూడా దాటింది. నూనె చవకగా దొరుకుతుంటే ఇదెందుకని అప్పుడు వదిలేశారు. ఇప్పుడు అవే గొట్టాలు ఖనిజం మోసే పెద్ద బల్క్ షిప్‌ల మీదకి ఎక్కుతున్నాయి, లోడింగ్ టైమ్‌లో అడ్డం రాకుండా డెక్ మీద పడుకోబెట్టేలా అడుగున మడత పెట్టి.